ఎగిరే కారు: నమూనా నేర్పే పాఠం

(సాంకేతిక విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేటి ప్రసంగ విషయం ఎగిరే కారు. ఈ మాట చెవిని పడగానే మనలో పెక్కుమందికి పుష్పక విమానం స్ఫురించడం సహజం. ఎందరెక్కినా మరొకరికి చోటు మిగిలే ఉంటుందని ఆ విమానాన్ని గురించి మన పెద్దలు చెప్పుకున్నారు. ఊహకు బరువు లేదు. కనుక ఊహాలోకంలోని విమానానికి చోటు కరువు లేదు. కాని లోహంతో నిర్మించి, పెట్రోలు పోసి, మనిషి కూర్చుని నడిపే విమానం ప్రతి కిలో బరువుకూ ప్రకృతికి లెక్క అప్పగించవలసి ఉంటుంది. ఎగిరే కారు చరిత్ర యావత్తూ ఈ లెక్క అప్పగింత చరిత్రే.

ఈ వాహనం కోసం వంద సంవత్సరాలకు పైగా కృషి జరుగుతూనే ఉన్నది. అది ఎగరలేకపోయినందువల్లనే మన వీధుల్లోకి రాలేదని చాలామంది భావిస్తారు. వాస్తవం వేరు. అది పలుమార్లు ఎగిరింది. ప్రభుత్వాల నుండి ధ్రువపత్రాలు సైతం పొందింది. అయినా నమూనా దశను దాటి జనసామాన్యం ముంగిట నిలవలేకపోయింది. ఇందుకు కారణాలేమిటో, ఒక నమూనాను నిజాయితీగా పరీక్షించడమంటే ఏమిటో, భావి ఇంజనీర్లయిన మీరు అందులో గ్రహించవలసినది ఏమున్నదో మనవి చేయడం నా ఉద్దేశం.

ఆలోచనకు మూలం

రైట్ సోదరులు 1903లో ఎగిరిన పద్నాలుగు సంవత్సరాలకే, 1917 ఫిబ్రవరిలో, న్యూయార్కు నగరంలో జరిగిన విమాన ప్రదర్శనలో గ్లెన్ కర్టిస్ అనే అమెరికన్ నిర్మాత ‘ఆటోప్లేన్’ అనే వాహనాన్ని ప్రజల ముందుంచారు. కారు ఆకృతి గల అల్యూమినియం శరీరానికి మూడంతస్తుల రెక్కలు, వెనుక ప్రొపెల్లర్ అమర్చిన వాహనమది. అది నేల విడిచి కొద్దిపాటి గెంతులు వేయగలిగిందే గాని నిండుగా ఎగరలేదు. ఆ ఏప్రిల్‌లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలో ప్రవేశించడంతో ఆ ప్రయత్నం అంతటితో నిలిచిపోయింది.

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి పరిస్థితి మారింది. విమానం నడపడం నేర్చిన యువకులు వేల సంఖ్యలో ఇళ్లకు తిరిగివచ్చారు. ఇంటికొక కారు ఉన్నట్లే ఇంటికొక విమానం ఉండే రోజు దగ్గరపడిందని అమెరికాలో అనేకులు విశ్వసించారు. ఆ కాలపు నిర్మాతలలో రాబర్ట్ ఎడిసన్ ఫుల్టన్ ముఖ్యులు. ఆయనకు మన దేశం కొత్త కాదు. 1932-33లో లండన్ నుండి టోక్యో వరకు మోటారు సైకిలుపై సాగించిన యాత్రలో ఆయన భారతదేశం మీదుగా ప్రయాణించారు. తరువాతి కాలంలో సొంత పనులపై విమానంలో తిరిగేటప్పుడు ఆయనకొక చిక్కు ఎదురైంది. విమానం ఊరి వెలుపల దింపుతుంది. అక్కడి నుండి ఊళ్లోకి వెళ్లే సాధనం ఉండదు. ఈ చిక్కుకు పరిష్కారంగా ఆయన ‘ఎయిర్‌ఫిబియన్’ను రూపొందించారు. రెక్కలను, తోకను, ప్రొపెల్లర్‌ను విడదీసి విమానాశ్రయంలో వదలి, ముందు భాగాన్ని కారుగా నడుపుకొని వెళ్లడం అందులోని ఏర్పాటు. 1946 నవంబరులో అది ఎగిరింది. 1950లో అమెరికా పౌర విమానయాన అధికారుల ధ్రువపత్రం పొందింది. అయినా అది పరిశ్రమగా నిలదొక్కుకోలేదు.

ఒక శరీరం, రెండు స్వభావాలు

అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటే కుదరదని మన సామెత. ఎగిరే కారును తలపెట్టిన ప్రతి నిర్మాతా ఈ సామెతతో పోరాడినవాడే. ఆ పోరాటం ఎక్కడెక్కడ జరుగుతుందో క్లుప్తంగా చూద్దాం.

మొదటిది బరువు. కారుకు గట్టి చట్రం, బంపర్లు, బరువైన చక్రాలు, గతుకులను తట్టుకునే స్ప్రింగులు కావాలి. ఇవేవీ గాలిలో పనికిరావు. విమానానికి రెక్కలు, తోక కావాలి. ఇవేవీ రోడ్డు మీద పనికిరావు. ఏ క్షణంలో చూసినా ఈ వాహనం తన శరీరంలో కొంత భాగాన్ని వృథాగా మోస్తూనే ఉంటుంది. ఆ వృథా బరువు మేరకు మనుషులకు, సామానుకు, ఇంధనానికి మిగిలే అవకాశం తగ్గిపోతుంది.

రెండవది చక్రాల అమరిక. కారు నాలుగు మూలలా చక్రాలు పరచి స్థిరంగా నిలబడాలి. విమానం నేల విడిచే వేళ ముక్కు పైకెత్తాలి. అందుకు ప్రధాన చక్రాలు గురుత్వ కేంద్రానికి కాస్త వెనుకగా, దగ్గరలోనే ఉండాలి. చక్రాలు చాలా వెనుకనున్న వాహనం ఎంత వేగంగా పరుగెత్తినా ముక్కెత్తడానికి మొరాయిస్తుంది.

మూడవది ఇంజను. రోడ్డుపై కారు ఇంజను తన పూర్తి శక్తిలో కొద్ది భాగం మాత్రమే వినియోగిస్తూ కాలం గడుపుతుంది. విమానం ఇంజను గంటల తరబడి మూడింట రెండు వంతులకు పైగా శక్తిని ఎడతెగక ఇస్తూ ఉండాలి. పైగా కారు ఇంజను ఆగిపోతే బండిని రోడ్డు పక్కకు తోస్తాము. గాలిలో తోయడానికి పక్కంటూ ఏదీ లేదు.

నాలుగవది గాలి. రోడ్డు మీద పోయే వాహనాన్ని గాలి పైకి లేపకూడదు. రన్‌వే మీద పరుగెత్తే వాహనాన్ని లేపి తీరాలి. ఒకే శరీరం ఈ రెండు ఆజ్ఞలనూ పాటించాలంటే రెక్కలు ముడుచుకోవాలి, లేదా విడిపోవాలి. ముడుచుకునే ప్రతి కీలూ, విడిపోయే ప్రతి అతుకూ నిర్మాతకు కొత్త పరీక్షాస్థానమే.

వీటికి తోడు మానవ సహజమైన పొరపాటు ఒకటి ఉన్నది. 1947 నవంబరులో అమెరికాలోని శాన్ డియాగోలో కాన్వేర్ సంస్థ వారి ఎగిరే కారు నమూనా పరీక్షలో ఉండగా ఇంధనం అయిపోయి మట్టిదారిపై బలవంతంగా దిగింది. రెక్క విరిగింది, వాహనం పాడయింది. నడిపినవారు స్వల్ప గాయాలతో బయటపడ్డారు. ఆ వాహనంలో కారుకు ఒక ఇంజను, విమానానికి మరొక ఇంజను ఉండేవి. ఇంధన తొట్లు కూడా వేరువేరు. చోదకుడు కారు ఇంధన సూచికను చూసి విమానానికి సరిపడినంత ఇంధనం ఉన్నదని భావించినట్లు ఈ ప్రమాద వృత్తాంతం ప్రచారంలో ఉన్నది. తరువాత రెండవ నమూనాను సిద్ధం చేసి ఎగురవేసినా, ఆ సంస్థకు ఈ ప్రయత్నంపై మునుపటి ఉత్సాహం నిలవలేదు. రెండు స్వభావాలను ఒకే శరీరంలో ఇమిడ్చినప్పుడు నడిపేవాని మనస్సు కూడా రెండుగా చీలే అవకాశమున్నదని ఈ ఉదంతం తెలుపుతున్నది.

ఏడేళ్ల ఓర్పు

ఈ చిక్కులన్నిటినీ ఎదుర్కొని, ఓర్పుతో పరిష్కారాలు వెదకినవారిలో మోల్టన్ టేలర్ అగ్రగణ్యులు. 1946లో డెలావేర్ రాష్ట్రానికి వెళ్లినప్పుడు ఆయన ఫుల్టన్‌ను కలిసి ఎయిర్‌ఫిబియన్‌ను గురించి తెలుసుకున్నారు. రెక్కలను విమానాశ్రయంలో వదలి వెళ్లినవాడు మళ్లీ వాటి కోసం అక్కడికే తిరిగిరావాలి గదా! రెక్కలు వెనుకకు ముడుచుకొని, ట్రైలరు వలె కారు వెంటనే వచ్చే పద్ధతి మేలని టేలర్ భావించారు. వాషింగ్టన్ రాష్ట్రంలోని లాంగ్‌వ్యూ పట్టణంలో ఆయన నిర్మించిన ‘ఏరోకార్’ 1949లో ఎగిరింది.

ఆ వాహనం ఏర్పాట్లు గమనించదగినవి. వెనుక నంబరు పలకను పైకెత్తితే ప్రొపెల్లర్ ఇరుసును బిగించే చోటు కనిపిస్తుంది. ఒక్క మనిషి అయిదు నిమిషాలలో కారును విమానంగా మార్చవచ్చు. ఒకే ఇంజను రోడ్డుపై ముందు చక్రాలను, గాలిలో తోక చివరి ప్రొపెల్లర్‌ను తిప్పుతుంది. ఎగిరేటప్పుడు గేరును తటస్థ స్థితిలో ఉంచితే చాలు. విమానాశ్రయంలో వెనుకకు నడపవలసి వస్తే రివర్సు గేరు ఉన్నది; సామాన్య విమానాలకు ఈ సౌకర్యం లేదు. రోడ్డుపై గంటకు 60 మైళ్లు, గాలిలో 110 మైళ్ల వరకు దాని వేగం.

ఇంజను నుండి తోక చివర వరకు సాగిన పొడవైన ఇరుసు టేలర్‌కు పెద్ద సమస్య అయింది. ఇంజనులోని ప్రతి విస్ఫోటనమూ ఆ ఇరుసును మెలితిప్పి వదలుతుంది. అటువంటి కంపనాలు ఒకదానితో ఒకటి కలిస్తే ఎంతటి ఉక్కు ఇరుసైనా తెగుతుంది. ఇంజనుకు, ఇరుసుకు మధ్య సన్నని ఉక్కు గుళికలు నింపిన ఒక సంధానాన్ని అమర్చి టేలర్ దీనిని పరిష్కరించారు. తిరిగే వేగానికి గుళికలు అంచుకు చేరి గట్టిపడి శక్తిని అందిస్తాయి; ఆకస్మికమైన కుదుపు వచ్చినప్పుడు కాస్త జారి దానిని మింగివేస్తాయి. ప్రదర్శనశాలలో వాహనాన్ని చూసి మురిసేవారికి ఇటువంటి వస్తువు కంటబడదు. కాని నమూనా ప్రాణమంతా ఇటువంటి వాటిలోనే ఉంటుంది.

తొలిసారి ఎగిరిన ఏడేళ్లకు, 1956లో, ఏరోకార్ ధ్రువపత్రం పొందింది. ఖాళీ వాహనం బరువు దాదాపు 680 కిలోలు. ఎగరడానికి అనుమతించిన మొత్తం బరువు దాదాపు 950 కిలోలు. ఇద్దరు మనుషులు, ఇంధనం, సామాను, అన్నీ ఈ 270 కిలోల తేడాలోనే ఇమడాలి. పుష్పకానికి, ఏరోకార్‌కు మధ్యనున్న దూరం ఈ అంకెలోనే కనిపిస్తున్నది.

ఆ తరువాత ఒక పెద్ద సంస్థ, 500 మంది కొనుగోలుదారులు ముందుకు వస్తే ఉత్పత్తికి పూనుకొంటామన్నది. అందులో సగం మంది మాత్రమే వచ్చారు. మొత్తం మీద ఆరు వాహనాలే నిర్మాణమయ్యాయి. విమానంగా చూస్తే అదే ధరకు ఇంతకంటె మేలైన విమానం దొరికేది. కారుగా చూస్తే అంతకంటె ఎంతో చవకగా మేలైన కారు దొరికేది. సాంకేతికంగా నెగ్గిన నమూనా సమాజావసరం అనే పరీక్షలో ఓడిపోవడం ఇక్కడ మనం చూస్తున్నాము.

విని తీరవలసిన హెచ్చరిక

టేలర్ ఏడేళ్లు వేచి ఉన్నారు. అందరికీ అంత ఓర్పు ఉండదు. 1970 దశకం తొలి సంవత్సరాలలో కాలిఫోర్నియాకు చెందిన హెన్రీ స్మొలిన్‌స్కీ, హెరాల్డ్ బ్లేక్ అనే ఇద్దరు మరొక మార్గం ఎన్నుకున్నారు. కొత్త వాహనాన్ని మొదటి నుండి నిర్మించనేల? సెస్నా స్కైమాస్టర్ విమానం నుండి రెక్కలు, తోక, వెనుక ఇంజను తీసుకొని, వాటిని బజారులో దొరికే ఫోర్డ్ పింటో కారు పైన బిగిస్తే సరిపోదా? ‘మిజార్’ అనే ఈ వాహనాన్ని మన భాషలో అతుకుల బొంత అనవచ్చు.

1973 ఆగస్టు 26న పరీక్షా చోదకుడు ఆ వాహనాన్ని పైకి లేపిన కొద్దిసేపటికే, కుడి రెక్కకు ఆధారమైన ఊతకడ్డీ కారు శరీరానికి అతికిన చోట ఊడిపోయింది. వాహనాన్ని మలుపు తిప్పితే రెక్క నిలవదని గ్రహించి ఆయన నేరుగా ముందుకు పోయి ఒక చిక్కుడు చేలో దిగారు. అక్కడి నుండి అదే వాహనాన్ని రోడ్డు మీద నడుపుకొంటూ విమానాశ్రయానికి తిరిగివచ్చారు. ఆ సంఘటన వినడానికి వినోదంగా ఉంటుంది. నిజానికి ఆనాడు నమూనా నోరు తెరచి తన లోపం ఎక్కడున్నదో చెప్పింది.

పదహారు రోజుల తరువాత, సెప్టెంబరు 11న, మిజార్ మళ్లీ ఎగిరింది. ఈసారి నడిపినది స్మొలిన్‌స్కీ. పక్కన బ్లేక్ ఉన్నారు. కుడివైపు ఊతకడ్డీ విడిపోయింది. ఇద్దరూ మరణించారు. నాసిరకపు వెల్డింగ్ అతుకులు ఆ ప్రమాదానికి ఒక కారణమని అమెరికా ప్రభుత్వ దర్యాప్తు సంస్థ పేర్కొన్నది.

విద్యార్థులారా, ఆ ఇద్దరినీ తేలికగా నిందించడం న్యాయం కాదు. తాము నమ్మిన వాహనంలో తామే కూర్చున్నారు. అయితే ఆలోచించవలసిన విషయం మరొకటి ఉన్నది. గాలిలోని వాహనం కింద ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. చేలో పని చేసుకునే రైతు, బడి నుండి వచ్చే పిల్లవాడు ఆ ప్రయోగానికి సమ్మతి తెలిపినవారు కారు. ధ్రువపత్రమంటే కాగితాల తంతు అని విసుగుకొనేవారు ఉన్నారు. నోరు లేని ఆ మూడవ మనిషి తరఫున ప్రభుత్వం అడిగే ప్రశ్నల సముదాయమే ధ్రువపత్రం.

పడి లేచిన నిర్మాత

ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పి నెగ్గిన ఇటీవలి ఉదాహరణ యూరప్‌లోని స్లొవాకియా నుండి వచ్చింది. స్టెఫాన్ క్లైన్ అనే నిర్మాత సుమారు మూడు దశాబ్దాలుగా ఎగిరే కార్ల రూపకల్పనలో ఉన్నారు. 2015 మే నెలలో ఆయన నడుపుతున్న ‘ఏరోమొబిల్’ నమూనా పరీక్షలో అదుపు తప్పింది. వాహనాన్నంతటినీ మోయగల పారాచూట్ విచ్చుకోవడం వల్ల ఆయన ప్రాణాలతో బయటపడ్డారు. లోపం సంభవించవచ్చునని ముందే ఊహించి ఆ పారాచూట్‌ను అమర్చడంలోనే వివేకం ఉన్నది.

తరువాత ఆయన వేరే సంస్థను స్థాపించి ‘ఎయిర్‌కార్’ను నిర్మించారు. 1.6 లీటర్ల, 140 అశ్వశక్తి గల కారు ఇంజను దానికి ఆధారం. మీట నొక్కితే రెక్కలు ముడుచుకొని శరీరంలోకి వెళతాయి, తోక కురచవుతుంది. రెండు నిమిషాల పదిహేను సెకండ్లలో విమానం కారవుతుంది. 2021 జూన్ 28న నిట్రా నుండి రాజధాని బ్రాటిస్లావాకు 35 నిమిషాలలో ఎగిరి, అక్కడ రెక్కలు ముడుచుకొని నగర మధ్యానికి రోడ్డుపై వెళ్లింది. ప్రపంచం ఆ ప్రయాణాన్ని చూసి ఆశ్చర్యపడింది. కాని 70 గంటల పరీక్షలు, 200కు మించిన ఆరోహణ అవరోహణలు పూర్తయిన పిమ్మట, 2022 జనవరిలోగాని అక్కడి ప్రభుత్వం విమానయోగ్యతా పత్రం ఇవ్వలేదు. అమెరికాలో 2009 మార్చిలో తొలిసారి ఎగిరిన ‘ట్రాన్సిషన్’ అనే మరొక నమూనా, ఎగరడానికి మాత్రమే వర్తించే ధ్రువపత్రం పొందేసరికి 2021 జనవరి అయింది. తొలిసారి ఎగరడం ఒక రోజు పని. ఎగరదగినదని రుజువు చేయడం పన్నెండేళ్ల పని అయింది.

మన దేశం, మన కర్తవ్యం

ఇక మన దేశం సంగతి. ఇక్కడ ఇటువంటి వాహనం రెండు చట్టాలకు లోబడవలసి ఉంటుంది. నేలపై 1988 నాటి మోటారు వాహనాల చట్టం. గాలిలో, 1934 నాటి విమాన చట్టం స్థానంలో 2025 జనవరి 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ వాయుయాన్ అధినియమ్. ఇటీవల రెక్కలు ముడిచే కార్ల కంటె, నిట్టనిలువుగా లేచి దిగే విద్యుత్ వాహనాలకే ఎగిరే కారు అనే పేరు ఎక్కువగా వాడుకలోకి వచ్చింది. మద్రాసు ఐ.ఐ.టి.లో పురుడు పోసుకున్న ఒక సంస్థ ఈ జాతి వాహనంపై కృషి చేస్తున్నది. ఇక్కడ కూడా చిక్కుముడి బరువే. ఒక కిలో పెట్రోలులో ఉండే శక్తి ఒక కిలో బ్యాటరీలో నిలువ ఉండే శక్తికి పదుల రెట్లు అధికం. పెట్రోలు ఖర్చవుతున్న కొద్దీ విమానం తేలికవుతుంది. బ్యాటరీ ఖాళీ అయినా దాని బరువు తగ్గదు.

నమూనా పరీక్షల కష్టం మన దేశానికి తెలియనిది కాదు. బెంగుళూరులోని జాతీయ వైమానిక ప్రయోగశాల రూపొందించిన ‘సారస్’ విమానం 2004 మే నెలలో తొలిసారి ఎగిరింది. 2009 మార్చి 6న దాని రెండవ నమూనా పరీక్షలో కూలిపోగా వైమానిక దళానికి చెందిన ముగ్గురు అధికారులు ప్రాణాలర్పించారు. ఆ కార్యక్రమం కొన్నేళ్లు స్తంభించింది. 2018 జనవరిలో, మార్పులు చేసిన నమూనా తిరిగి ఆకాశానికి ఎగిసింది. మరణించినవారి పట్ల నిజమైన గౌరవం స్మారక ఫలకంతో ముగియదు. వారు ఏ పరీక్షలో ఉండగా ఏమి జరిగిందో చివరి వరకు విచారించి, ఆ జ్ఞానాన్ని తరువాతి నమూనాలో పొందుపరచడంతోనే అది పూర్తవుతుంది.

ఎగిరే కారు మనకు అవసరమా అని ఎవరైనా ప్రశ్నించవచ్చు. బస్సు సౌకర్యం చాలని ఊళ్లున్న దేశంలో ఇది న్యాయమైన ప్రశ్న. ఇద్దరిని మోసుకుపోయే ఖరీదైన వాహనం నగరాల రద్దీని తీర్చగలదని చెప్పడం భ్రమ. కాని వంతెన కొట్టుకుపోయిన కొండ గ్రామం నుండి ప్రసవ వేదనతో ఉన్న తల్లిని, దీవి నుండి రోగిని ఆసుపత్రికి చేర్చగల చిన్న విమాన వాహనం విలాసం కాదు. ఏ అవసరానికో ముందు నిర్ణయించి నమూనాకు పూనుకొన్నవాడు టేలర్ ఎదుర్కొన్న మూడవ పరీక్షకు మొదటి రోజునే సిద్ధపడినవాడవుతాడు.

మీలో కొందరు రేపు ఇటువంటి నమూనాలకు రూపకల్పన చేస్తారు. ఎక్కువమంది వాటిలోని ఒక ఇరుసునో, ఒక అతుకునో, ఒక సూచికనో తయారు చేస్తారు. మరికొందరు పరీక్షించి సంతకం పెడతారు. ఈ పనులలో ఏదీ చిన్నది కాదు. మిజార్‌లో విడిపోయినది ఒక్క ఊతకడ్డీ మాత్రమే. ఒక అతుకు విడిపోయిందని పరీక్ష చెప్పినప్పుడు, ప్రదర్శన తేదీ దగ్గరపడిందనో, పెట్టుబడి పెట్టినవారు ఎదురు చూస్తున్నారనో ఆ మాటను పక్కన పెట్టకండి. దానిని వ్రాసి ఉంచండి, పైవారికి చెప్పండి, విననివారికి మళ్లీ చెప్పండి. సంతకం పెట్టడానికి ఎంత ధైర్యం కావాలో, పెట్టననడానికి అంతకు మించిన ధైర్యం కావాలి.